తెల్లదారం కట్టిన కణప చెట్లు

తెల్లదారం కట్టిన చెట్లు ఆకు రాలుస్తున్నాయి. రాల్చకూడదు.

వకుళ ముందు తన కళ్ళను అనుమానించింది, తర్వాత కళ్ళజోడును, ఆ తర్వాత దారాలను. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మోకాలి లోతు కందకం దాటి, ఆరు చెట్ల దగ్గరికీ వెళ్ళి మొదళ్ళకు కట్టిన దారాన్ని వేళ్ళతో తడిమి చూసింది. తెల్లదారమే. ఎండకీ వానకీ గోధుమరంగుకి తిరిగింది గానీ, ఎరుపు మాత్రం కాదు. కందకానికి అవతలి గట్టున ఎర్రదారం కట్టిన ఆరు చెట్లూ నిండు పచ్చగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి. నిన్న సాయంత్రం వాటి కొమ్మల నుంచి జడకుచ్చుల్లా వేలాడిన పూలు అలవాటు ప్రకారం తెల్లారేసరికి రాలిపోయి, కందకంలో నీళ్ళ మీద ఎర్రగా తేలుతున్నాయి.

"ఏవండీ! ఒకసారి ఇటు రండి!"

పెద్దిరాజు బాతుల గూడు తలుపు తీసి వచ్చాడు. ఒకప్పుడు ఈ రెండెకరాలూ అతని చేపల చెరువు. చేపలకు తెగులొచ్చి మూడుసార్లు మునిగాక, చెరువుకు గండి కొట్టి, భార్య చెప్పినట్టు కందకాలు తవ్వి, గట్ల మీద అరటి, మడుల్లో చేమ, నీళ్ళలో తామర, అన్నిటికీ కింద ఎండుటాకుల కప్పు వేసి పర్మాకల్చర్ తోట చేశాడు. పర్మాకల్చర్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, "ఏమీ లేదండీ, మా ఆవిడ చెప్పిన పని చెయ్యడమే" అంటాడు.

"మీరు దారాలేమైనా మార్చారా?"

"నేనా? నువ్వు కట్టిన ముడి విప్పే ధైర్యం నాకు పెళ్ళప్పుడే లేదు, ఇప్పుడెక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడతను. అంటూనే రాలిన ఆకులు చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఇవి... పసరు లేనివి కదా?"

"లేనివే."

"మరి ఇయ్యెందుకు రాలుస్తన్నయ్యి?"

అదే వకుళకు తెలియడం లేదు.

కొల్లేటి ఒడ్డున, ఇప్పుడు తారురోడ్డు ఉన్న చోట, నాలుగేళ్ళ కిందటి దాకా ఒక ముసలి కణప చెట్టు ఉండేది. దాని వయసు రెండొందలేళ్ళని కొందరు, మూడొందలని కొందరు. అందరూ ఒప్పుకునే మాట ఒకటే. పెద్ద వరద వచ్చే ముందు, పది పన్నెండు రోజుల ముందు, ఆ చెట్టు వానాకాలం మధ్యలో ఉన్నట్టుండి ఆకంతా దులిపేసేది. ఆకులతో ఉంటే ప్రవాహం పట్టుకుని లాగుతుంది. బోడిగా ఉంటే నీళ్ళు కొమ్మల సందుల్లోంచి వాటి దారిన అవి పోతాయి. చెట్టు తన ప్రాణానికి తాను చేసుకున్న ఏర్పాటు అది. జనం దాన్ని చూసి తట్టాబుట్టా సర్దుకునేవారు.

రోడ్డు కోసం ఆ చెట్టును కొడతారని తెలిసినప్పుడు వకుళ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో ఉద్యోగం చేస్తోంది. చెట్టుకు మెదడు లేకపోయినా, పడ్డ కష్టం బెరడులో ఆనవాలుగా మిగులుతుందని నిరూపించడమే ఆమె పదేళ్ళ పని. ఆ ఆనవాళ్ళను లోబెరడు నుంచి పసరుగా తీసి, పసి మొక్క కాండంలోకి ఎక్కిస్తే, ఆ మొక్క ముసలిచెట్టు తెలివితో పెరుగుతుందని ఆమె నమ్మకం. నమ్మింది ఆమె ఒక్కతే. గొడ్డలి పడటానికి ముందురోజు పొద్దున్నే వెళ్ళి, చెట్టు చుట్టూ తిరిగి, పన్నెండు చోట్ల బెరడు గీసి పసరు తీసుకుంది. ఉద్యోగం మానేసి వచ్చి, ఆ చెట్టు గింజల నుంచే మొలిచిన పన్నెండు మొక్కల్ని తోటలో రెండు వరసలుగా నాటింది. ఆరింటికి పసరు ఎక్కించి ఎర్రదారం కట్టింది. ఆరింటికి ఏమీ ఇవ్వకుండా తెల్లదారం కట్టింది. తేడా చూడాలి కదా. తేడా చూడకపోతే అది శాస్త్రం కాదు, నాటువైద్యం.

నిరుడు శ్రావణంలో ఎర్రదారం చెట్లు ఆరూ ఒకేసారి ఆకు దులిపేశాయి. తెల్లవి కదల్లేదు. వకుళకు కాళ్ళు నేలమీద ఆగలేదు. పదేళ్ళ పని పండింది. సరస్సు మధ్యలో పల్లంలో ఉన్న గువ్వలంకకు తనే దోనెలో వెళ్ళి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. చెప్పింది పెద్దిరాజు పెళ్ళాం, చదువుకున్నది, పైగా గువ్వలంకలో ఉన్నది ఆమె సొంత ఆడపడుచు ముత్యాలు. జనం నమ్మారు. ముప్ఫై ఎనిమిది ఇళ్ళు ఖాళీ అయి, జనం ఒడ్డున బడిలోకి చేరారు.

వరద రాలేదు. వచ్చింది ఒక చావు. ముత్యాలు మొగుడు సోములు నాలుగో విడత సామాను వేసుకుని, బియ్యం బస్తాలు, మంచం, వలలు, బాతులు అన్నీ ఒక్క దోనెలో కుక్కి వస్తూ, నీళ్ళలో నిలువెత్తు పెరిగిన కిక్కిస గడ్డిలో దోనె ఒరిగి, తన వలలోనే తను చిక్కుకుని పోయాడు. ఎండ కాస్తుండగా, మబ్బు తునక లేని ఆకాశం కింద, వరద లేని నీళ్ళలో.

కారణం తర్వాత తెలిసింది. తోట పక్క మురుగుకాలవలో పూడిక తియ్యడానికి ఎవరో అడ్డుకట్ట వేశారు. తోటలో భూమిలోని నీరు జానెడు పైకి లేచింది. ఎర్రదారం చెట్లు దాన్నే వరద అనుకున్నాయి. ముసలిచెట్టు తెలివి వచ్చింది గానీ, ముసలిచెట్టు నిదానం రాలేదు. ఈ సంగతి కాగితం మీద రాసుకుని వకుళ ఏడ్చింది. ఆ కాగితం ఎవరికి చూపిస్తుంది? ముత్యాలుకా?

ఆనాటి నుంచి ముత్యాలు వదినతో మాట్లాడలేదు.

*

చేపల మేత నిలవచేసిన గదే ఇప్పుడు ప్రయోగశాల. గోడల్లో ఇంకా తవుడు వాసన. ఒక పాత ఫ్రిజ్‌లో మిగిలిన ఆఖరి పసరు సీసా, దాని పక్కన అత్తగారి గోంగూర జాడీ. వకుళ తెల్లదారం చెట్ల చిగురుకొమ్మలు చిదిమి, రసం తీసి, తను తయారుచేసుకున్న పరీక్ష కాగితాల మీద చుక్క చుక్క వేసింది. ఆనవాలు ఉంటే కాగితం నీలంగా మారుతుంది, లేకపోతే తెల్లగానే ఉంటుంది. మూడేళ్ళుగా తెల్లదారం చెట్ల కాగితాలు తెల్లగానే ఉన్నాయి.

ఇవాళ ఆరు కాగితాలూ నీలమయ్యాయి. మామూలు నీలం కాదు, ముదురు, దాదాపు నలుపు. ఎర్రదారం చెట్లు ఏనాడూ ఇంత చిక్కటి రంగు చూపించలేదు. కాగితాలు పాడయ్యాయేమోనని కొత్త కట్ట విప్పింది. అదే రంగు. చేతులు కడుక్కుని మళ్ళీ చేసింది. అదే రంగు. చివరికి చేమాకు రసం వేసి చూసింది, కాగితానికి పిచ్చెక్కిందేమోనని. తెల్లగానే ఉంది. కాగితం బాగానే ఉంది, పిచ్చి తనకే ఎక్కేట్టుంది.

మధ్యాహ్నం భోజనాలకు వరండాలో నలుగురు కూర్చున్నారు. వకుళ, పెద్దిరాజు, కలుపుకు వచ్చిన ఇద్దరు ఆడకూలీలు. వడ్డన అత్తగారు నాంచారమ్మది. ఆ ఇంట్లో ఆ పని ఇంకొకరు చెయ్యడానికి వీల్లేదు. డెబ్బై రెండేళ్ళ మనిషి, నడుం వంగింది గానీ గరిట వంగలేదు. కొరమీను ముక్కలు లెక్కపెట్టినట్టు సమానంగా, కొడుక్కి రెండు, కోడలికి రెండు, కూలీలకు చెరి రెండు వేసింది.

వకుళ ముద్ద కలిపి నోట పెట్టుకోకుండా కూర్చుంది.

"ఏంటమ్మాయ్, కూరలో ఉప్పెక్కువైందా?"

"లేదత్తయ్యా. తెల్లదారం చెట్లకి ఏమో అయింది. నేనేమీ పెట్టలేదు, మీ అబ్బాయి ఏమీ పెట్టలేదు. ఎక్కణ్ణుంచో ముసలిచెట్టు ఆనవాలు వచ్చి చేరింది వాటిలోకి. గాలికి వస్తుందా, నీళ్ళకి వస్తుందా, ఏమీ అర్థం కావట్లేదు."

నాంచారమ్మ చేతిలో గరిట ఆగింది. "నేను పెట్టా," అంది.

"ఏం పెట్టారు?"

"మట్టి. వైశాఖంలో."

పెద్దిరాజు తల పట్టుకున్నాడు. "అమ్మా, ఆ చెట్లని ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను!"

"నువ్వుండరా! మూడేళ్ళు చూశాను. ఒకే తల్లి గింజలు, ఒకే తోట, ఎదురెదురు వరసలు. ఆరింటికి మందూమాకూ పోసి, ఆరింటికి ఒట్టి చెయ్యి చూపిత్తారా? పంక్తిలో వలపక్షం పెడితే అన్నం విషమైపోద్ది. శత్రువు కూచున్నా సరే, వరసలో కూచున్నోడికి వరసలో పెట్టాల్సిందే. మా అత్త నాకు నేర్పింది, నేను మీకు నేర్పలేకపోయా. మందు నా దగ్గర లేదు. అందుకని పుట్టింటి మట్టి పెట్టా. ఆ పాత చెట్టు మొద్దు కింద ఒండ్రు, రోడ్డు వారన ఇంకా ఉంది. రెండు తట్టలు తెప్పించి ఆరింటికీ సమానంగా సర్దా."

ఆకుల కప్పు కింద పెట్టింది కాబట్టి ఎవరికీ కనబడలేదు. మూడేళ్ళ పోలిక అంతా పోయింది. ఏ వరస దేనికి పోలికో, ఇప్పుడు బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకాలే ఇంకోటి వచ్చింది. ఆ ముదురు నీలం.

"ఎవరు తెచ్చారు మట్టి?" అని అడిగింది వకుళ.

నాంచారమ్మ గరిట గిన్నెలో పెట్టి చెప్పింది. "ముత్యాలు. దోనెలో తెచ్చింది. నువ్వు ఊళ్ళో లేని రోజు చూసి."

*

ఆ సాయంత్రమంతా వకుళ రెండు వరసల మధ్య కందకం గట్టు మీద కూర్చుంది. గట్టు తవ్వి చూసింది. నీరు ఎక్కడున్నది అక్కడే ఉంది, నిరుటిలా జానెడు లేవలేదు. కాలవలో అడ్డుకట్ట లేదు. వాన లేదు. చీకటి పడుతుండగా ఎర్రదారం చెట్ల పూలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. తెల్లదారం చెట్లు అప్పటికి సగం బోడి అయ్యాయి.

బెరడులో ఉన్నది ఒక్క చెట్టు జ్ఞాపకం. మట్టిలో ఉన్నది ఆ చెట్టు ఏటా రాల్చిన ఆకులు, కుళ్ళిన వేళ్ళు, వాటిని తిన్న బూజు, ఏ వరద ఎంత ఒండ్రు తెచ్చిందో ఆ పొరలు, అన్నీను. ఆ మట్టి ఎక్కువ నిజం చెబుతుందని ఒక ఊహ. కుళ్ళు మట్టి తగిలి వేరుతెగులు వచ్చి ఆకు రాలుతోందని ఇంకో ఊహ. తెగులుకు కూడా కాగితం నీలమవుతుందేమో, తను ఎప్పుడూ చూడలేదు.

"మరి ఎర్రదారం చెట్లు ఎందుకు రాల్చట్లేదు?" పెద్దిరాజు టార్చిలైటుతో వచ్చి పక్కన కూర్చుంటూ అడిగాడు. "వరదొచ్చేదుంటే వాటికీ తెలవాలిగా?"

వకుళ చాలాసేపు వాటిని చూసింది. మెల్లగా అర్థమైంది.

"అవి నిరుడు రాల్చాయి. వరద రాలేదు. ఆకంతా దండగ. మళ్ళీ చిగురు పెట్టడానికి ఎంత కష్టపడ్డాయో చూశాంగా. అవీ నేర్చుకున్నాయి. ఇంక నమ్మవు."

"మన గువ్వలంకోళ్ళ లాగానా?"

"అవును. వాళ్ళ లాగానే."

పెద్దిరాజు టార్చి ఆర్పేశాడు. "చెప్తే ఒక బాధ, చెప్పకపోతే ఒక బాధ. ఇంతకీ నీ మనసులో ఏముంది?"

"నా మనసులో ఏమీ లేదండీ. నిరుడు అంతా తెలుసనుకున్నాను. ఇప్పుడు ఒక్క ముక్క తెలీదు. తెలీదని చెప్పి మనుషుల్ని ఇళ్ళలోంచి లేపగలమా?"

"కీడెంచి మేలెంచమన్నారు."

"నిరుడూ అదే అన్నారు మీరు," అంది వకుళ.

*

మర్నాడు పొద్దున్నే పెద్దిరాజు దోనె గడ వేస్తుంటే వకుళ ఎదర కూర్చుని గువ్వలంకకు వెళ్ళింది. కిక్కిస గడ్డి దగ్గరకు రాగానే ఇద్దరూ మాటలాపేశారు. అక్కడ ఎప్పుడూ ఆపేస్తారు.

ముత్యాలు ఇంటి ముందు చేపలు చీరి ఉప్పు రాస్తోంది. తొమ్మిదేళ్ళ కూతురు కస్తూరి పక్కన కూర్చుని కాకుల్ని అదిలిస్తోంది. వదినను చూసి ముత్యాలు తలెత్తలేదు. కూతురితో అంది.

"కస్తూరీ, మీ అత్తొచ్చింది. పీట వెయ్యి."

ఏడాదిగా ఇంతే. పలకరింపు తప్పదు, మాట మాత్రం పిల్ల మీంచి వెళ్ళాలి. వకుళ పీట మీద కూర్చోలేదు. నేల మీద, ఆమెకు ఎదురుగా కూర్చుంది.

"ముత్యాలూ, తెల్లదారం చెట్లు ఆకు రాలుస్తున్నాయి. నేను పసరు పెట్టినవి కాదు. నువ్వు తెచ్చిన మట్టి పెట్టినవి."

కత్తి ఆగి మళ్ళీ కదిలింది. "మీ అత్తని అడగవే, వరదొత్తదంటందా?"

"తెలీదు," అంది వకుళ. "వస్తుందని చెప్పలేను. రాదని కూడా చెప్పలేను. నిరుడు వస్తుందని నొక్కి చెప్పాను, అది తప్పయింది. సోములు పోయాడు. అది నా వల్లే. ఇప్పుడు నాకు తెలిసింది చెప్పకపోతే ఇంకో తప్పు చేసినదాన్నవుతాను. తెలిసింది మాత్రం చాలా కొంచెం."

ఇరుగుపొరుగు అప్పటికే గుమిగూడారు. ఎదురింటి గంగులు గట్టిగా నవ్వాడు. "మళ్ళీ మొదలెట్టిందయ్యా! నిరుడు మా కోళ్ళన్నీ ఆ బడి వరండాలో చచ్చినయ్యి. ఈసారి మమ్మల్ని చంపుతారా? ఆకాశం చూడండి, అద్దంలా ఉంది."

"నిజమే," అంది వకుళ. నిరుడు వీళ్ళందరి ముందూ నిలబడి ఎంత ధీమాగా మాట్లాడింది! ఇప్పుడు గొంతు తనది కానట్టుంది.

ముత్యాలు చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ, ఇంటి పడమటి గోడ వారన కూతురు పడుకునే నులకమంచం కేసి చూసింది. తర్వాత అందరికీ వినబడేలా కూతురితో చెప్పింది.

"మీ అత్తకి చెప్పవే. ఆ మట్టి తవ్వింది నేను. ఈ చేతులతోటే తవ్వాను. తవ్వేటప్పుడు ఆ మొద్దుని మొక్కుకున్నాను, నా ఇంటాయన్ని తీసుకున్నావ్, ఇంకెవరినీ తీసుకోమాకని. ఇప్పుడది ఏదో చెప్తంటే, నేను ఇననంటే ఎట్టా? తప్పయితే ఈసారి సగం తప్పు నాదని చెప్పు. పద, బట్టలు సర్దు."

గంగులు నవ్వు ఆగిపోయింది. నిరుటి వార్త వల్ల అందరికన్నా ఎక్కువ పోగొట్టుకున్న మనిషి మూట కట్టుకుంటుంటే, కోళ్ళు పోయిన మనిషి ఏం వాదిస్తాడు? గొణుక్కుంటూనే వెళ్ళి తనూ మూట కట్టాడు. పొద్దువాలే లోపల ముప్ఫై ఒక్క ఇళ్ళు కదిలాయి. ఏడు ఇళ్ళ వాళ్ళు మేం కదలం అన్నారు. ఈసారి దోనెకు ఇద్దరికి మించి ఎక్కకుండా, సామాను విడిగా, పెద్దిరాజు గడ పట్టుకుని కిక్కిస దగ్గరే నిలబడి ఒక్కొక్క దోనెనూ దాటించాడు.

*

తర్వాతి పది రోజులూ ఎండ కాసింది.

బడి గదుల్లో, వరండాల్లో జనం. పిల్లలకు ఆటవిడుపు, పెద్దలకు ఉక్కపోత. తోటలో పండిన చేమ, అరటి, బాతుగుడ్లు అన్నీ అక్కడికే వెళ్ళాయి. నాంచారమ్మ అక్కడే పొయ్యి పెట్టి వడ్డించింది, ముప్ఫై ఒక్క ఇళ్ళకీ ఒకే గరిట. మొదటి మూడు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. నాలుగో రోజు నుంచి అన్నారు. "అమ్మగారూ, మీ చెట్టు ఇవాళేమంటందండీ?" అని ఒకడు, "జలుబు చేసి రాల్చిందేమో, జండూబామ్ రాయండి" అని ఇంకొకడు. వకుళ అన్నీ విని తలదించుకుని పోయేది.

రోజూ తెల్లవారుజామున తెల్లదారం చెట్ల వేళ్ళు తవ్వి చూసేది. కుళ్ళు లేదు. కాగితం నలుపే. ఎర్రదారం చెట్లు పూస్తూనే ఉన్నాయి. సెల్‌ఫోన్లో వాతావరణం చూసేది. ఎండ గుర్తు. మర్నాడు, ఎండ గుర్తు.

తొమ్మిదో రోజు పొద్దున, బడి మెట్ల మీద కూర్చున్న కస్తూరికి జడ వేస్తూ, కొండల వైపు ఆకాశం కేసి చూస్తూ, వకుళ మనసులో ఒక మాట అనుకుంది. రానీ దేవుడా, ఈ వరద వచ్చేయనీ. అనుకున్న మరుక్షణం చేతిలో జడ వదిలేసింది. గువ్వలంకలో ఇంకా ఏడు ఇళ్ళ మనుషులున్నారు. తన మాట నెగ్గడానికి తను వరదను కోరుకుంటోంది. వరదకు మనుషులు పోకూడదని కదా పదేళ్ళు పనిచేసింది? ఎప్పుడు, ఏ మలుపులో తను ఇలా అయింది? తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏంటత్తా, ఆపేశావ్?" అంది కస్తూరి.

"ఏం లేదమ్మా," అని మళ్ళీ పాయలు తీసింది. ఒక పాయ తప్పితే విప్పి మళ్ళీ అల్లింది. వరండా స్తంభానికి ఆనుకుని ముత్యాలు ఆ చేతుల్నే చూస్తోంది.

ఆ మధ్యాహ్నం పెద్దిరాజును తీసుకుని గువ్వలంక వెళ్ళి, ఆ ఏడు ఇళ్ళ ముందూ చేతులు జోడించింది. నాలుగిళ్ళు వచ్చాయి. మూడిళ్ళ వాళ్ళు తలుపులు వేసుకున్నారు.

పదకొండో రోజు పొద్దున ఎండలోనే నీళ్ళొచ్చాయి. ఇక్కడ చినుకు లేదు. ఎక్కడో పైన కొండల్లో రెండు రోజులు కురిసిందట. బుడమేరూ, తమ్మిలేరూ కలిసి వచ్చి సరస్సులో పడ్డాయి. అటు సముద్రం పోటు మీద ఉండి, సరస్సు నీటిని సముద్రంలోకి చేర్చే ఉప్పుటేరు నీళ్ళు తీసుకోలేదు. ఫోన్లకు హెచ్చరిక వచ్చేసరికి గువ్వలంకలో మోకాటి లోతుంది, మధ్యాహ్నానికి మెడ లోతయింది. మిగిలిన మూడిళ్ళ వాళ్ళనూ పెద్దిరాజూ గంగులూ రెండు దోనెలు కలిపి కట్టి, ఇళ్ళ కప్పుల మీంచి దింపుకొచ్చారు. ఎవరూ పోలేదు. ముత్యాలు ఇంటి పడమటి గోడ మాత్రం మొత్తం లోపలికి కూలింది. నులకమంచం దాని కింద ఉంది.

*

నీళ్ళు తియ్యడానికి పన్నెండు రోజులు పట్టింది. ఊరంతా వకుళను మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే వాదించుకుంది. మట్టి గొప్పదని కొందరు, పసరు గొప్పదని కొందరు, కాకతాళీయమని బడి మేష్టారు. వకుళ మేష్టారితోనే ఏకీభవించింది, అందరికీ విడ్డూరంగా. ఒక్క వరదతో ఏదీ రుజువు కాదు. ఇంకా ఎన్ని వరదలు చూడాలి? ఎన్ని చూడాలని కోరుకోవాలి? ఆ లెక్క వేసుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

తోటలో తెల్లదారం చెట్లు ఆరూ బురదలో బోడిగా నిలబడి, కణుపు కణుపుకూ ఎర్రటి చిగురు తొడిగాయి. ఎర్రదారం చెట్లలో రెండింటిని ఆకుల బరువు మీద ప్రవాహం పెకలించి కందకంలో పడేసింది. పూలకుచ్చులతో సహా. వకుళ వాటి పక్కన కూర్చుని, కొడుకుల్ని పోగొట్టుకున్నదానిలా ఏడ్చింది. వాటికి పిరికితనం లేదు, బద్ధకం లేదు. ఒక్కసారి అబద్ధం విన్నాయి, అంతే. ఆ అబద్ధం విన్నది తన తోటలోనే.

మొదళ్ళకు ఉన్న దారాలన్నీ కత్తెరతో కత్తిరిస్తుండగా వెనక అడుగుల చప్పుడైంది. ముత్యాలు. పక్కన పిల్ల లేదు. ఒక్కతే వచ్చింది.

"వదినా," అంది.

వకుళ చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది.

"నిరుడు చెప్పింది అబద్ధం. ఆయన పోయాడు. ఈయేడు చెప్పింది నిజం. నా బిడ్డ బతికింది. రెంటికీ తల్లి ఆ ఒక్క చెట్టే. రెండూ చెప్పింది నువ్వే. నేను నిన్ను తిట్టుకోవాలా, దణ్ణం పెట్టుకోవాలా? రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు నాకు. నువ్వు సదువుకున్నావుగా, నువ్వు చెప్పు."

వకుళ కత్తెర కింద పెట్టింది. "నాకూ తెలీదు ముత్యాలూ," అంది. "రెండూ చెయ్యి. నాకు రెండూ న్యాయమే."

ముత్యాలు కళ్ళు తుడుచుకుంది. కందకం వార బురదలో తలెత్తిన చిన్న కణప మొక్కను చూపించింది. ఎర్రదారం చెట్ల కాయ రాలి, కొట్టుకొచ్చి, తెల్లదారం చెట్ల మట్టిలో మొలిచినది. "అది ఏ వరసది?"

"ఏ వరసదో చెప్పలేం."

"అయితే అదే ఇయ్యి. గోడ మళ్ళీ లేపుతున్నాం. కస్తూరి మంచం కాడ బయట నాటుకుంటా."

ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని మట్టి పెళ్ళతో సహా మొక్కను లేపారు. ముత్యాలు దాన్ని కొంగులో పొదువుకుంది. అప్పుడు అలవాటు కొద్దీ వకుళ చెయ్యి నడుముకు దోపుకున్న దారపు ఉండ మీదికి పోయింది. తెల్లదో ఎర్రదో చూడకుండానే ఒక పోగు లాగింది.

ముత్యాలు ఆ పోగు కేసి చూసింది.

వకుళ దాన్ని చుట్టి మళ్ళీ ఉండలో పెట్టేసింది. "పద, దోనె దాకా నేనూ వస్తాను," అంది.